పదమూడో ఫారం

ఒంటిగంట బెల్లు కొట్టగానే కటింగ్ మిషను ఆగింది, కుట్టు బల్ల దగ్గర మాటలు పెరిగాయి, నెత్తిమీది ఫ్యాను మాత్రం తన ధోరణిలో తాను కీచుకీచుమంటూ తిరుగుతూనే ఉంది. బైండింగ్ షెడ్డులో అందరూ డబ్బాలు పట్టుకుని కిటికీల వైపు నడిచారు. ఆమె తన పొడుగాటి బల్ల దగ్గరే స్టూలు లాక్కుని కూర్చుంది, డబ్బా మూత తీయలేదు, ఒళ్ళో పుస్తకం తెరిచింది. నూట ఎనభై మూడో పేజీ. పుస్తకం వీపు మీద బొటనవేలు పెట్టి నొక్కితే చాలు ఆమెకి, అది ఎన్ని ఫారాలదో చెప్పేస్తుంది. ఇది పదమూడు ఫారాలది, ఫారమంటే మడతపెట్టిన ఒక్క పెద్ద కాగితం, పదహారు పేజీలు, అంటే మొత్తం రెండువందల ఎనిమిది. ఇంకా ఇరవై ఆరు పేజీలున్నాయి. పేజీకి రెండు నిమిషాలు వేసుకున్నా గంటలో ఎనిమిది నిమిషాలు మిగులుతాయి, ఆ ఎనిమిది నిమిషాల్లో తింటే తింటుంది, లేకపోతే లేదు. రెండింటికి ఓనరు వస్తాడు. రాకేం చేస్తాడు, పొద్దున లోపలికి అడుగు పెడుతూనే అన్నాడుగా, "ఏం ప్లీడరమ్మా, ఇవాళ్టితో ఏడాది. నోటికి తాళం తెచ్చుకున్నావా?" అని. తెచ్చుకోలేదయ్యా. ఉంటే నీ బీరువాకి వేసుకో తాళం.

ప్లీడరమ్మ అన్న పేరు పెట్టింది ఆయనే. ఊరికే పెట్టలేదు, షెడ్డులో ఎవరికేం జరిగినా ముందు లేచే నోరు ఆమెదే, కిటికీ అద్దం పగిలిందన్నా ఆమే, మంచినీళ్ళ ఫిల్టరు చెడిందన్నా ఆమే, సెలవు నాడు పని చేయించుకుని ఆ సంగతి మర్నాటికి మరిచిపోతే గుర్తుచేసేదీ ఆమే. నోరా వీపుకు తేకే అని చిన్నప్పుడు అమ్మ మొత్తుకునేది, ఎన్నిసార్లు తెచ్చిందో లెక్కే లేదు, అయినా బుద్ధి రాలేదు, రాకపోవడమే నయం. ఆమె పని ఫారాలు ఎత్తడం. అచ్చయి, మడతపడి వచ్చిన ఫారాలు ఈ బల్ల మీద దొంతర్లుగా ఉంటాయి, ఒకటోది ఈ కొసన, ఆఖరిది ఆ కొసన; ఒక్కో దొంతరలోంచి ఒక్కోటి తీసుకుంటూ ఆ కొస దాకా నడిస్తే చేతిలో ఒక పుస్తకం తయారవుతుంది, దాన్ని కుట్టేవాళ్ళ వైపు తోసి మళ్ళీ మొదటికి. ఇరవై రెండేళ్ళ నడకకి బల్ల పక్కన సిమెంటు నేల మీద ఒక దారి నున్నగా పడింది. ఎన్ని వేల పుస్తకాలు ఆ చేతుల మీదుగా వెళ్ళాయో, అందులో చదివింది ఒక్కటీ లేదు, అది తప్పని ఎప్పుడూ అనిపించలేదు కూడా, పోయిన ఏడాది ఇదే రోజు దాకా. ఆ రోజు పుస్తకం రాసినాయన ఒకరు వచ్చారు, మెత్తటి మనిషి, తన పుస్తకం ఎలా తయారవుతోందో చూసుకుందామని వచ్చి ఈ బల్ల ముందు ఆగి, "ఎలా ఉందమ్మా నా పుస్తకం?" అన్నారు. నిజంగానే అడిగారు, జవాబు కోసం ఆగారు కూడా. ఆమె నోరు తెరిచేలోపు ఓనరు నవ్వాడు, "వీళ్ళనడుగుతారేంటండీ, గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన!"

గాడిద. ఇరవై రెండేళ్ళు గంధపు చెక్కలు మోసిన గాడిద. చేతిలో ఉన్న ఫారం కింద పెట్టి తిరిగింది. "ఏడాది టైమివ్వండి. పన్నెండు పుస్తకాలు చదువుతాను, పన్నెండు కథలూ మీకే చెప్తాను, అప్పుడు చూద్దురుగాని ఎవరికి ఏ వాసన తెలుసో." చదవకపోతే అన్నాడాయన. "చదవకపోతే ఈ షెడ్డులో మళ్ళీ నోరెత్తను." ఓనరు చేతులు జోడించి పైకి చూశాడు, దేవుడా ఈ ఒక్క వరం ఇప్పించు అని, షెడ్డంతా పగలబడి నవ్వింది, ఆ నవ్వుల హుషారులో ఆయనే అన్నాడు, చదివితే చెకింగ్ బల్ల నీదే పో అని. కిటికీ పక్కన ఉంటుంది చెకింగ్ బల్ల, వీపు ఆనించుకునే కుర్చీ ఉంటుంది, తయారైన ప్రతి పుస్తకమూ బయటికి వెళ్ళేముందు అక్కడ కూర్చున్న మనిషి చేతుల్లోంచి వెళ్ళాలి. కాళ్ళు పీకే ప్రతి సాయంత్రం ఆ కుర్చీ వైపు చూసేది ఆమె. కానీ ఒట్టు, ఆ నిమిషంలో కుర్చీ గుర్తు రాలేదు, నవ్వులే వినబడ్డాయి. సాయంత్రం ప్రూఫు మాస్టారు, అచ్చుతప్పులు దిద్దే పెద్దాయన, ఒక అట్టముక్క మీద పన్నెండు రకాలు రాసి చేతిలో పెట్టారు. "ఒకే రకం పన్నెండు చదివితే అది చదవడం కాదమ్మా, కాలక్షేపం. నెలకో రకం. అట్ట నుంచి అట్ట దాకా, ఒక్క పేజీ ఎగ్గొట్టినా లెక్కలోకి రాదు." పుస్తకాలు ఎక్కడివి మరి, అంటే ఆయనే చూపించారు డ్యామేజీ బీరువా, పనికిరావని వెనక్కొచ్చిన కాపీలన్నీ అందులోనే పడుంటాయి. గాడిదకి అవిటి పుస్తకాలు. సరే, అవే తెండి.

నూట ఎనభై ఐదు. పెదాలు కదులుతున్నాయి, కదలనీ, ఏడో తరగతితో ఆపేసిన చదువు, పెదాలతో పాటే నడుస్తుంది. అమ్మా, పెదాలు కదపకుండా చదవాలి అని కూతురు మొదట్లో ముక్కు విరిచేది, పెదాలు నావి, పుస్తకం నాది, నీకేం నొప్పే అంటే నోరు మూసుకునేది. మొదటి నెల నక్షత్రాల పుస్తకం, సైన్సు, దానికి అట్ట తలకిందులుగా అంటించారు, బస్సులో చదువుతుంటే పక్క సీటాయన ఎంతో జాలిగా, అమ్మా, పుస్తకం తిరగేసి పట్టుకున్నారు అన్నాడు. లోపల తిన్నగానే ఉంది బాబూ, పైన చూసి మాట్లాడేవాళ్ళకే తిరగేసి కనిపిస్తుంది అంది, బస్సు దిగేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. యాత్రల పుస్తకానికి మొదటి ఫారమే లేదు, తెరిస్తే ఆ మనిషి మోకాలి లోతు మంచులో ఉన్నాడు, ఎక్కడ బయల్దేరాడో ఎందుకు బయల్దేరాడో ఈనాటికీ తెలీదు, అయినా అతనితో పాటు నెలంతా చలేసింది. నాటకం మటుకు ఒక్కతే చదవలేకపోయింది, వంటింట్లో గట్టిగా చదువుతుంటే లిఫ్టులు బాగుచేసి అలిసిపోయి వచ్చిన మొగుడు గుమ్మంలో నిలబడి విని, ఆ రాజు వేషం ఇటివ్వు అన్నాడు, మహారాణీ తమరి ఆజ్ఞ అని ఆయన అనడం పెళ్ళైన పాతికేళ్ళలో అదే మొదలు, మూడు రోజులు నాటకం నడిచింది, నాలుగో రోజు అయిపోయినా ఆయన ఆజ్ఞ ఆజ్ఞ అంటూనే ఉన్నాడు. గొప్పాయన జీవిత చరిత్ర, నాలుగువందల పేజీలు, పెళ్ళాం ఊసు రెండు లైన్లు, ఒకటి పెళ్ళి, రెండోది చావు. ఆ రాత్రి అన్నం సయించలేదు. కవిత్వం నాలుగో నెల, అరవై పేజీలే కదా వారంలో అయిపోతుందనుకుంది, నెలాఖరుకి కూడా కాలేదు, ఒక్కో లైను చేపముల్లులా గొంతుకి అడ్డం పడేది, ఛీ ఎవడు చదువుతాడు దీన్ని అని విసిరికొట్టి, మర్నాడు బస్టాపులో అదే పేజీ తీసి నిలబడి రెండు బస్సులు వదిలేసింది. దయ్యాల కథలు, ఉత్తరాలు, రాజుల చరిత్ర, నవ్వుల పుస్తకం, పిల్లల కథలు, ఒంట్లో జబ్బుల పుస్తకమొకటి, అది చదివిన నెలలో లేని జబ్బంటూ లేదు ఆమెకి. అవునుగానీ ఇవన్నీ ఇప్పుడెందుకు, కన్ను పేజీ మీద ఉంటే మనసు ఎక్కడో మేస్తోంది, వెనక్కి రా, నూట ఎనభై ఏడు.

పన్నెండోది నవల, కోర్టు కథ. దీన్ని కావాలనే ఆఖరుకి ఉంచుకుంది, ఎందుకంటే బీరువాలో దీని ఒక్కదానికే ఏ వంకా కనిపించలేదు, అట్ట తిన్నగా ఉంది, మొదటి పేజీ ఉంది, ఆఖరి పేజీ ఉందో లేదో మాత్రం చూడలేదు, ముగింపు ముందే కంటపడుతుందని. ఇంత మంచి కాపీని ఎవడు పడేశాడో అనుకుంది. కథలో ఒక ముసలామె, ఆమె కళ్ళ ముందే పెద్దకొడుకు పక్కవాడి గోడౌనుకి నిప్పు పెట్టాడు, నేరం మాత్రం ఆ గోడౌను వాచ్‌మన్ మీద పడింది. కొడుకు తెల్లచొక్కాలేసుకుని తిరుగుతున్నాడు, వాచ్‌మన్ జైల్లో ఉన్నాడు, ముసలామెకి సాక్ష్యం చెప్పమని సమన్లొచ్చాయి. ఈ నెల్లాళ్ళూ రోజూ భోజనాల వేళ ఇది పైకి చదివి వినిపిస్తూనే ఉంది సూది అక్కకి. సూది అక్క అంటే ఒకప్పుడు షెడ్డులో సూది ఆవిడదే, అంత సన్నటి కుట్టు మిషనుకి కూడా రాదు, ఇప్పుడు పదకొండేళ్ళుగా జిగురు బక్కెట దగ్గర ఉంటోంది, పేరు మాత్రం సూది అక్కే. అక్కకి అంకెలొచ్చు, అక్షరాలు రావు. ఇవాళ కూడా తిని, చేతులు కడుక్కుని, కత్తిరింపుల కాగితం గుట్ట మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకునే అడిగింది, "ఎక్కిందా బోను?"

"ఇంకా లేదక్కా. చెప్పులు వెతుక్కుంటోంది."

"ఇప్పుడు చెప్పులేంటే దాని మొహం, అవతల టైమైపోతుంటే! ఎక్కాక లేపు." అని అక్క అటు తిరిగి పడుకుంది. నూట ఎనభై తొమ్మిది. చెప్పులు దొరికాయి, మంచం కింద. నూట తొంభై. ముసలామె కోర్టు మెట్లెక్కుతోంది, మెట్టుకోసారి ఆగుతోంది, వాచ్‌మన్ భార్య వరండాలో స్తంభానికి ఆనుకుని చూస్తోంది, ఏమీ అడగలేదు, ఊరికే చూసింది, అడిగినా బాగుండేది. నూట తొంభై ఒకటి. కొడుకు తరఫు ప్లీడరు నవ్వుతున్నాడు. ప్లీడర్లంతే, అవసరమైన చోట నవ్వుతారు. నూట తొంభై రెండు. బోనెక్కింది. జడ్జిగారు అడిగారు, అమ్మా, ఆ సాయంత్రం నువ్వేం చూశావో చెప్పు. ముసలామె నోరు తెరిచింది. అమ్మయ్య, చెప్పవే తల్లీ, చెప్పు, అని ఆమె పక్క పేజీకి దూకింది, దూకితే ముసలామె ఇంట్లో ఉంది, మంచం పక్కన కూర్చుని సమన్ల కాగితం మడతపెడుతోంది. ఇదేంటి. ఇది చదివేశాంగా. కింద అంకె చూసింది. నూట డెబ్భై ఏడు. ఇంకో పేజీ, నూట డెబ్భై ఎనిమిది, ఇంకో నాలుగైదు కాగితాలు, చెప్పులు లేవు. మళ్ళీ చెప్పుల కోసం వెతుకుతోంది. ఆమె చేతులు వాటంతటవే పని చేశాయి, ఆఖరి దాకా గబగబా తిప్పేశాయి, ముసలామె మళ్ళీ బోనెక్కింది, మళ్ళీ నోరు తెరిచింది, అట్ట వచ్చేసింది. పన్నెండో ఫారం రెండుసార్లు ఉంది. పదమూడోది లేనేలేదు.

గడియారం ఒంటిగంట ఇరవై రెండు చూపిస్తోంది. ముందు ఒళ్ళు మండింది. ఏ గుడ్డిది ఎత్తిందిరా ఈ పుస్తకాన్ని, కళ్ళు నెత్తికెక్కి ఎత్తిందా, ఒక దొంతరలోంచి రెండు లాగి పక్కది దాటేసిపోతే చెయ్యికి తెలియదూ, తెలుస్తుంది, నాకైతే, నాకైతే. అక్కడ మనసు ఆగింది. కాదు కాదు, ఆగలేదు, పక్కకి తప్పుకుంది, వేరే దారి చూపించింది. ఏమైంది ఇప్పుడు, అట్ట నుంచి అట్ట దాకా అన్నారు, అట్ట నుంచి అట్ట దాకా చదివావు, లేని పేజీలు చదవడం ఎవడి తరం, ఓనరు ఈ పుస్తకం చదివాడా చచ్చాడా, ముసలామె నిజం చెప్పింది, వాచ్‌మన్ బయటికొచ్చాడు, కొడుకు లోపలికెళ్ళాడు, చప్పట్లు, అని చెప్పేస్తే పోలా, పన్నెండూ అయిపోయినట్టే, కుర్చీ వచ్చినట్టే. వద్దు. యాత్రలకి మొదలు లేకపోయినా కథ నడిచింది, దీనికి ముగింపే లేదు, ఏమని చెప్తాను. ఏడాది పొడుగునా తల తిరిగిపోయే పుస్తకాలు చదివి, చేపముళ్ళు మింగి, ఆఖరి ఫారం దగ్గర దొంగసాక్ష్యం చెప్పడానికా ఇదంతా. పదకొండున్నర పుస్తకాలు చదివాను, మిగతాది లేదు అని చెప్తాను, నవ్వుకుంటే నవ్వుకోండి అని చెప్తాను. చెప్తే నోరు పోతుంది. రేపు కిటికీ అద్దం పగిలితే ఎవరడుగుతారు. ఆమె అన్యమనస్కంగా పుస్తకాన్ని బాగా విప్పి వీపు లోపలికి చూసింది, కుట్టు కనిపించింది, సన్నటి కుట్టు, మూడు చుట్లు తిప్పి వేసిన ముడి. అలాంటి ముడి షెడ్డులో ఒక్కరే వేసేవారు. సూది అక్క.

అప్పుడు ఇంక పక్కదారి లేకపోయింది. పదకొండేళ్ళ కిందటి సాయంత్రం. ఐదువందల కాపీలు, పొద్దుటికల్లా వెళ్ళాలి, ఓనరు గుమ్మం దగ్గర చేతి గడియారం చూసుకుంటూ పచార్లు చేస్తున్నాడు, కూతురికి జ్వరమని పక్కింటి ఆవిడ ఫోను చేసింది, ఆమె నడిచింది నడిచింది నడిచింది, ఆఖరి కాపీ ఎత్తేసి బల్ల వైపు చూసింది. ఎప్పుడూ దొంతరకి ఐదేసి ఫారాలు ఎక్కువ కొడతారు, చినిగినా మరకపడినా పనికొస్తాయని, కాబట్టి అన్నిట్లోనూ ఐదేసి మిగలాలి. మిగిలాయి. పన్నెండో దొంతరలో నాలుగు. పదమూడో దొంతరలో ఆరు. చూడగానే తెలిసిపోయింది, ఐదువందల్లో ఎక్కడో ఒక కాపీలో పన్నెండు రెండుసార్లు పడింది, పదమూడు పడలేదు. వెతకాలంటే ఐదువందలూ విప్పి చూడాలి. కుట్టేవాళ్ళు అప్పటికే సగం కుట్టేశారు. చెప్పలేదు. కిటికీ అద్దానికి లేచే నోరు, నీళ్ళ ఫిల్టరుకి లేచే నోరు, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. ఎక్కువ మిగిలిన ఆ ఒక్క పదమూడో ఫారాన్ని ఎవరి కంటా పడకుండా చంకలో దోపుకుని ఇంటికెళ్ళింది.. లేదు, ఇంటికి తీసుకెళ్ళలేదు, ఏం చేసింది, అది తర్వాత. రెండు నెలలకి ఎవరో చదివిన మనిషి కోపంగా ఉత్తరం రాసి పుస్తకం తిప్పి పంపాడు. ఓనరు దాన్ని గాలిలో ఊపుతూ షెడ్డు మధ్యలో నిలబడ్డాడు, ఎవరు కుట్టారిది. ముడి చూస్తే చెప్పక్కర్లేదు. ఫారం అడుగున అంకె ఉంటుంది, చూసి కుట్టాలని తెలీదా, కళ్ళు పోయాయా, పో, రేపట్నుంచి జిగురు దగ్గర కూర్చో. అక్క ఏదో అనబోయి ఆగింది, అంకెలు తాను చూస్తుంది, ఎప్పుడూ చూస్తుంది, ఆ రోజు టైము లేక చూడలేదేమో అని తనే నమ్మేసింది. తన మీద తనే. ప్లీడరమ్మ పక్కనే నిలబడి ఉంది. చేతిలో ఫారాలున్నాయి. నేల చూస్తోంది, ఓనరు ఊపుతున్న అట్ట వైపు ఒక్కసారీ చూడలేదు.

పదకొండేళ్ళు. అక్క వేళ్ళు జిగురుకి నాని నాని పగిలిపోయాయి, చలికాలంలో అక్క డబ్బా మూత కూడా తనే తీసిపెడుతుంది, ఎంత దయగలదాన్నో అనుకుంటూ తీసిపెడుతుంది. ఊరందరి కేసులూ వాదించావు కదే, ఉన్న ఒక్క కేసు దగ్గర నీ నోరు ఎక్కడ మేసింది? ఓనరుని దొంగ అన్నావు, దయలేనివాడన్నావు, జీవిత చరిత్ర రాసినవాణ్ణి తిట్టావు రెండు లైన్లేనా అని, నువ్వు ఎన్ని లైన్లు రాశావు అక్కకి. తిట్టుకుంటూనే పేజీలో ముసలామె తెరిచిన నోరు వైపు చూస్తోంది, నువ్వేం చెప్పావో నాకు తెలియాలి, తెలిసి తీరాలి, పందెం కోసం కాదు ఇంక. ఆ మిగిలిన ఫారాన్ని ఏం చేసింది. చంకలో దోపుకుంది, బ్యాగులో పెడితే గేటు దగ్గర చూస్తారు, చెత్తలో వేస్తే కత్తిరింపులు ఏరేవాళ్ళకి దొరుకుతుంది, అప్పుడు బల్ల కుంటుతోంది, ఈ బల్లే, దీని ఎడమకాలు పొట్టి, ఫారాన్ని ఇంకో రెండు మడతలు వేసి. ఓరి నాయనో. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు! స్టూలు వెనక్కి తోసి మోకాళ్ళ మీద కూర్చుంది, బల్లకాలి కింద నల్లగా, గట్టిగా, చెక్కముక్కలా అణిగిపోయి ఉంది, ఇరవైసార్లు అక్కడ ఊడ్చింది, ఒక్కసారీ చూడలేదు. భుజం పెట్టి బల్ల ఎత్తింది, దొంతర్లు ఒక పక్కకి జారాయి, జారనీ, కిటికీ దగ్గర ఎవరో ఏమైందే అన్నారు, ఏం కాలేదు తినండి అంది, లాగింది, వచ్చేసింది.

ఒంటిగంట ముప్ఫై ఆరు. బయటి వైపు మసి, బల్లకాలి గుర్తు చతురస్రంగా దిగబడిపోయింది, కానీ ఫారం కదా, పదహారు పేజీలూ ఒకదాంట్లో ఒకటి మడతపడి ఉన్నాయి, అంచులు ఇంకా కోయలేదు, లోపలి పేజీలు ఆ రోజు అచ్చయినంత తెల్లగా ఉన్నాయి. మడతలు నొక్కే చెక్కబద్దతో అంచు కోసింది, ఒకచోట చిరిగింది. నూట తొంభై మూడు. పెదాలు కదిలాయి. ఇరవై రెండేళ్ళలో ఇంత మెల్లగా ఏ పనీ చేయలేదు. జడ్జిగారు మళ్ళీ అడిగారు, ముసలామె కొడుకు వైపు చూసింది, వాచ్‌మన్ వైపు చూడలేదు. నూట తొంభై ఐదు, తొంభై ఏడు, ఆమె పళ్ళు బిగబట్టి చదువుతోంది, చెప్పు, చెప్పు, చెప్పవే. "నాకేం కనబళ్ళేదు బాబూ. కళ్ళు మసకలు" అంది ముసలామె. అని బోను దిగిపోయింది. మిగిలిన పేజీలన్నీ ఇంటికి నడవడమే, పొయ్యి వెలిగించడం, కొడుక్కి వడ్డించడం, తను తినకపోవడం, చీకట్లో కూర్చోవడం. రాసినాయన గొప్పగానే రాశాడు, ఆ చీకటి చదువుతుంటే ఊపిరాడలేదు, అయినా కోపం ఆగలేదు, ఇదా, పదకొండేళ్ళు నా బల్ల మోసింది ఇదా! రెండువందల ఆరు దగ్గర రెండింటి బెల్లు కొట్టింది, కటింగ్ మిషను మొదలైంది, అందరూ లేచారు, సూపర్వైజరు ఆమె వైపు చూసి గొంతు సవరించుకున్నాడు, ఆమె తలెత్తకుండా ఒక చెయ్యి పైకెత్తి ఆగమంది, ఎందుకో ఆయన ఆగాడు. రెండువందల ఎనిమిది. సమాప్తం. అయిపోయింది.

కాగితాల గుట్ట మీద అక్క లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంటోంది. "లేపమన్నాను కదే. చెప్పిందా?"

"చెప్పలేదక్కా. కనబళ్ళేదంది."

అక్క చీరకంటిన కాగితం ముక్కలు దులుపుకుంది. "పోన్లే పాపం. భయం. ఏం చేస్తుంది." చెంగుతో మొహం తుడుచుకుని, "మరి ఆ వాచ్‌మన్ ఏమయ్యాడు?"

"రాయలేదు."

"ఆఁ, వాళ్ళ సంగతి ఎవరూ రాయర్లే," అని జిగురు బక్కెట వైపు నడిచింది అక్క. పోన్లే పాపం అన్న మాట షెడ్డులో ఉండిపోయింది. వద్దక్కా, ఆ పాపం నాకొద్దు, ముసలామెకిచ్చుకో నీ జాలి, నాకివ్వకు, తిట్టు, జుట్టు పట్టుకో, అంతేగానీ నాకు తెలియకుండా నన్ను క్షమించేస్తే ఊరుకోను. ఓనరు వస్తున్నాడు, వెనక ప్రూఫు మాస్టారు కూడా, ఓనరు మొహం నిండా నవ్వు, షెడ్డు మధ్యలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, సరిగ్గా ఆ రోజు నిలబడిన చోటే. "ఏం ప్లీడరమ్మా, పన్నెండూ అయినట్టా, నోరు మూస్తున్నట్టా?"

"పన్నెండూ అయ్యాయి. మాస్టారూ, మీరు అడగండి ఏ పేజీలోంచైనా, చెప్తాను." మాస్టారు అడగలేదు, ఆమె చేతిలో మసిపట్టిన ఫారాన్ని చూస్తున్నారు, ఇరవై రెండేళ్ళలో అచ్చుతప్పు ఆయన కంటిని దాటిపోలేదు. ఆమె కూడా ఆయన అడిగేదాకా ఆగలేదు. "నోరు గెలుచుకున్నాను కదా. అయితే మొదటి మాట వినండి. ఇది ఈ పుస్తకం పదమూడో ఫారం. నా బల్లకాలి కింద ఉంది, పదకొండేళ్ళ నుంచి. పెట్టింది నేనే. పన్నెండోది రెండుసార్లు ఎత్తింది నేను. తప్పయిందని ఆ సాయంత్రమే తెలుసు నాకు. అక్క చేతికి వెళ్ళకముందే తప్పు పడింది. మీరు అక్కని జిగురు దగ్గరికి పంపిస్తుంటే నేల చూస్తూ నిలబడ్డాను."

కటింగ్ మిషను ఎవరో ఆపారు. ఓనరు నవ్వు కాస్త ఆలస్యంగా ఆగింది. "తెలిసే మాట్లాడుతున్నావా? దీని తర్వాత చెకింగ్ బల్ల దగ్గర నిన్ను కూర్చోబెడతాననుకుంటున్నావా?" "బల్ల మీరే ఉంచుకోండి. సూది మాత్రం అక్కకి తిరిగి ఇచ్చేయండి. ఇవ్వకపోతే రేపూ అడుగుతాను, ఎల్లుండీ అడుగుతాను, నోరు నాదేగా ఇంక." అక్క జిగురు చేతులతో అలాగే నిలబడిపోయింది. ఆమె అక్క వైపు తిరిగింది, అందరి వైపూ తిరగగలిగినంత తేలిగ్గా తిరగలేకపోయింది, అయినా తిరిగింది.

"పదకొండేళ్ళు," అంది అక్క. "నా పక్కన కూర్చునే తిన్నావు కదే."

ఆమె తలొంచుకోలేదు, కళ్ళు తుడుచుకోలేదు, అక్క కళ్ళలోకే చూస్తూ నిలబడింది. అక్క బక్కెట పక్కన గుడ్డ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది, తర్వాత వచ్చి పుస్తకమూ ఫారమూ రెండూ ఆమె చేతిలోంచి లాక్కుంది. కుట్టు బల్ల దగ్గర కూర్చుని తన పాత ముడిని తానే బ్లేడుతో విప్పింది, రెండోసారి పడిన పన్నెండో ఫారాన్ని తీసి నేల మీద పడేసింది. సూదిలోకి దారం మూడు సార్లకీ ఎక్కలేదు, నాలుగోసారికి ఎక్కింది. ఓనరు ఏదో అనబోయాడు, ప్రూఫు మాస్టారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి, జారిపోయిన దొంతర్లు సర్దుకుని, ఒకటో ఫారం చేతిలోకి తీసుకుని నడవడం మొదలుపెట్టింది. బల్ల కుంటుతోంది. దానికింద ఆమె ఏమీ పెట్టలేదు.